క్రాష్‌లకు తిథులు రాసిన నోటుబుక్కు

శుక్రవారం సాయంత్రంలోగా నా లాప్‌టాప్ మీద ఆట రెండు గంటల పాటు ఎక్కడా ఆగకుండా నడవాలి. నడవకపోతే శనివారం పోటీకి వెళ్ళే ఐదుగురిలో నా పేరు ఉండదు. ఈ మాట చెప్పింది మా జట్టు కెప్టెన్. నాకంటే ఆరేళ్ళు చిన్నది, ఎమ్మెస్సీ చదువుతోంది, గోదావరి వైపు పిల్ల. నేను అదే యూనివర్సిటీలో సంస్కృతంలో రీసెర్చ్ చేస్తున్నాను. సోమవారం మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, ముందు నా చేతిలో పల్లీల పొట్లం పెట్టి, ఆ తర్వాత చెప్పింది.

"అక్కా, కోపం తెచ్చుకోకు. గేటు దగ్గర నీ అంత గట్టిగా నిలబడేవాళ్ళు ఈ క్యాంపస్‌లోనే లేరు. కానీ నువ్వొక్కదానివే నిలబడితే చాలదు కదా, నీ డబ్బా కూడా నిలబడాలి."

"డబ్బా అనకు. చదువుకునే వస్తువు అది."

"సర్లే, మీ సరస్వతీదేవి నిలబడాలి. సరేనా? శుక్రవారం నా కళ్ళముందు రెండు గంటలు ఆడి చూపించు. లేకపోతే నీ బదులు వేరే అమ్మాయిని రాసేస్తాను. నాకూ బాధే."

ఆమెను తప్పు పట్టలేను. మేము ఆడే ఆటలో ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ఎదుటివాళ్ళ గేటు పగలగొట్టాలి, మన గేటు కాపాడుకోవాలి. కాపలా నాది. పోటీలో ఎవరి లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలి. ఆట మధ్యలో ఎవరి యంత్రమైనా ఆగిపోతే ఆ మనిషి మళ్ళీ లోపలికి రాకూడదు, మిగిలిన నలుగురే ఆడాలి. ఆడపిల్లల హాస్టళ్ళ నుంచి ఒక జట్టు ఈ పోటీకి పేరు ఇవ్వడం అదే మొదటిసారి. అంతకుముందు ఆదివారం ఇంజనీరింగ్ అబ్బాయిలతో సరదాకి రెండు ఆటలు ఆడితే, రెండింటిలోనూ నా స్క్రీన్ నల్లబడి నేను మాయమయ్యాను. రెండూ ఓడిపోయాం. నేను ఎన్నో నిమిషంలో మాయమవుతానోనని వాళ్ళు చాయ్ పందేలు వేసుకున్నారని తర్వాత తెలిసింది. నాకు "గేటక్క" అని పేరు కూడా పెట్టారు.

నా గురించి కొంత చెప్పాలి. నేను తార్నాకలో మా పెద్దమ్మ దగ్గర ఉంటాను. ప్రతి ఆదివారం పొద్దున మా హాల్లో గీతా పారాయణ సత్సంగం జరుగుతుంది. వారాసిగూడ నుంచీ, సీతాఫల్‌మండి నుంచీ ఇరవైమంది దాకా ఆడవాళ్ళు వస్తారు. ఏడేళ్ళ వయసు నుంచి నేను ఆ చాప మీదే పెరిగాను. పన్నెండేళ్ళకు గీత మొత్తం పుస్తకం చూడకుండా చెప్పాను. ఇప్పుడు ముందు కూర్చుని చెప్పించేది నేనే. దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్న నాకు ఎన్నడూ రాలేదు. పొద్దున లేవగానే నీళ్ళు పట్టుకోవడం ఎంత సహజమో పారాయణ కూడా నాకు అంతే.

మొదటిసారి నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతుంటే సత్సంగంలోని ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది.

"గీత చదివే నోటితోని కొట్టు, కొట్టు అంటున్నవేందే పిల్లా?"

"గీత పుట్టిందే యుద్ధంల గదా అత్తమ్మా."

"అబ్బో, నోరు జూడు దీనిది!" అంది. అయినా పక్కనే కుర్చీ లాక్కుని ఆట అయిపోయేదాకా చూసింది. గేటు పడిపోబోతే ఆవిడే ముందు అరిచింది.

దీపావళి మర్నాడు కార్తీకం మొదలైంది. ఆ నెలంతా ఇంట్లో అఖండదీపం ఉండాలని నా కోరిక. కాని పగలు పెద్దమ్మ గుడికి, నేను క్యాంపస్‌కు వెళ్ళిపోతే నూనె పోసేవాళ్ళుండరు. తాళం వేసిన ఇంట్లో మంట ఉండకూడదని అపార్ట్‌మెంట్ వాళ్ళ నియమం కూడా ఉంది. అందుకని సత్సంగంలో ఒకామె పంపిన కదిలే దీపాన్ని ఆ రోజే లాప్‌టాప్ తెరమీద పెట్టుకున్నాను. ఇత్తడి కుందిలో వత్తి అచ్చం గాలికి ఊగినట్టే ఊగుతుంది. అమావాస్య దాకా దీన్ని తీయనని సంకల్పం చెప్పుకున్నాను. ఆదివారం వచ్చినవాళ్ళందరూ వరుసగా వంగి దానికి దణ్ణం పెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే క్రాష్‌లు మొదలయ్యాయి. ఆట నడుస్తూ నడుస్తూ బొమ్మ బిగుసుకుపోతుంది. గొంతు పట్టేసినట్టు ఒకటే శబ్దం వస్తుంది. స్క్రీన్ నల్లబడుతుంది. కాసేపటికి వెలుగు వస్తుంది కాని ఆట ఉండదు. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్ళీ కోలుకుందని మూలన ఒక సందేశం మాత్రం ఉంటుంది.

డ్రైవర్ అంటే ఏమిటో సత్సంగం వాళ్ళకు నేను ఇలా చెప్పాను. లాప్‌టాప్‌లో బొమ్మలు గీసే భాగం ఒకటుంది, దాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. ఆట తన కోరికను నేరుగా దానికి చెప్పుకోలేదు. మధ్యలో పురోహితుడు ఉండాలి. ఆ పురోహితుడే డ్రైవర్. అతను మంత్రం మధ్యలో తడబడి లేచిపోతే పూజ ఆగిపోతుంది. "మరి పంతులును మార్చరాదే?" అంది పెద్దావిడ. అందరూ అన్న మాటే అది. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే డ్రైవర్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది. పాపమంతా దానిదేనని క్యాంపస్‌లోనూ అన్నారు, నేనూ అనుకున్నాను.

ఆదివారం రెండు ఆటలూ ఓడాక హాస్టల్ కామన్ రూంలో నా లాప్‌టాప్ చుట్టూ తొమ్మిదిమంది చేరారు. ఒకరు డ్రైవర్ తీసి మళ్ళీ వేశారు. ఒకరు ఆటలో బొమ్మల నాణ్యత తగ్గించారు. ఒకరు యాంటీవైరస్ ఆపారు. ఇంకొకరు నాకు అర్థంకాని సెట్టింగులేవో మార్చారు. గంటలో అన్నీ అయిపోయాయి. తర్వాత ఆట నలభై నిమిషాలు ఆగకుండా నడిచింది. లడ్డూలు తెప్పించుకుని తిన్నాం. సోమవారం పొద్దున పదిహేడో నిమిషంలో మళ్ళీ క్రాష్. ఏది మార్చాక నలభై నిమిషాలు నడిచిందో, ఏది మళ్ళీ చెడిందో తొమ్మిదిమందిలో ఒక్కరికీ తెలియదు.

మా సత్సంగంలో అచ్చం ఇలాంటి తప్పే ఒకటి జరుగుతుంటుంది. గుంపుగా చదివేటప్పుడు ఎవరైనా తడబడితే పక్కవాళ్ళు ప్రేమకొద్దీ గొంతు పెంచి ఆ తప్పును కప్పేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది, తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఒకామె ఒక పాదాన్ని ముప్ఫై ఏళ్ళు తప్పుగా చదివింది. నాకు నేర్పిన గురువమ్మ అలా ఊరుకునేది కాదు. చేయెత్తి అందరినీ ఆపేది. తడబడిన మనిషి ఒక్కతే ఆ పాదాన్ని ఒక్కో మాట చొప్పున చెప్పాలి. ఎక్కడ నోరు జారుతోందో అందరికీ వినబడేదాకా వదిలేది కాదు. ఆ చేయి నామీద కూడా చాలాసార్లు లేచింది.

కెప్టెన్ పెట్టిన గడువు విన్న రోజు సాయంత్రం నేను అదే పద్ధతి పట్టాను. తొమ్మిదిమంది చేసినవన్నీ వెనక్కి తిప్పేశాను. కొత్త నోటుబుక్కు ఒకటి తీశాను. ఒకసారికి ఒకటే మార్పు, తర్వాత గంట ఆట, ఫలితం రాయడం. అంతకుముందు వారం జరిగిన క్రాష్‌లను కూడా గుర్తు తెచ్చుకుని మొదటి పేజీలో వరుసగా ఎక్కించాను. నాకు రోజులు తిథులతోనే గుర్తుంటాయి, అందుకని అలాగే రాశాను. చవితి: క్యాంపస్‌లో పుట్టకు పాలు పోసి వచ్చాక, పన్నెండో నిమిషం. షష్ఠి: అబ్బాయిలతో ఆట, రెండుసార్లు. అలా.

మర్నాడు కెప్టెన్ ఆ పేజీ చూసి పడీపడీ నవ్వింది. "క్రాష్‌కి తిథేంటక్కా! ఏడాది తిరిగాక తద్దినం పెడతావా?"

"అవసరమైతే పెడతా. భోక్తవు నువ్వే."

మంగళవారం డ్రైవర్‌ను వేళ్ళతో సహా తీసేశాను. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే కనీస అవసరాలతో మాత్రమే తెరిచి, పాత ముక్క ఒక్కటీ మిగలకుండా తుడిచి, లాప్‌టాప్ తయారుచేసినవాళ్ళు ఇచ్చిన పాత డ్రైవర్‌ను వేశాను. ముప్ఫై ఒకటో నిమిషంలో క్రాష్. రాశాను. తర్వాత ఆట మినహా తెరిచి ఉన్నవన్నీ మూసి ఆడాను. ఇరవై ఆరు. రాశాను.

బుధవారం వేడి సంగతి చూశాను. లాప్‌టాప్‌ను పుస్తకాలు పెట్టుకునే వ్యాసపీఠం మీదికి ఎత్తితే కిందనుంచి గాలి ఆడింది, వేడి తగ్గింది, అయినా క్రాష్ ఆగలేదు. ఫ్యాన్‌లో దుమ్ము ఉందేమోనని తార్నాకలోనే ఒక రిపేర్ షాపుకు తీసుకెళ్ళాను. అతను దుమ్ము ఊది, రెండు నిమిషాలు చూసి మూత వేసేశాడు.

"బోర్డు పోయింది మేడం. గేమింగ్‌తోని మీకేం పని? టైపింగ్ గిట్ల చేస్కోండి, మస్తు నడుస్తది."

"బోర్డు పోయిందని ఎట్ల తెలిసింది?"

"ఎక్స్‌పీరియన్స్ మేడం."

"బోర్డు పోతే పాత డ్రైవర్‌తోని ముప్ఫై ఒక్క నిమిషం, కొత్తదాంతోని పన్నెండు నిమిషాలు ఎట్ల నడిచింది? ఇగో, రాసిన చూడు."

అతను నోటుబుక్కు వైపు, నా నుదుటి బొట్టు వైపు, మళ్ళీ నోటుబుక్కు వైపు చూశాడు. "మీరు టీచరా మేడం?" అన్నాడు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఇంటిదాకా నడుస్తూనే ఉన్నాను కాని రోడ్డు గుర్తులేదు. పేరు పోతుందన్న భయం ఒకవైపు, ఇంత దగ్గరగా వచ్చి ఎలా వదులుతానన్న పంతం ఒకవైపు.

గురువారం, దశమి. మార్చడానికి ఇంకేం మిగల్లేదు. మంచం మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. మొట్టమొదటి క్రాష్: పాడ్యమి. సరే, డ్రైవర్ అప్‌డేట్ ఏ రోజు వచ్చిందో నిజంగా చూద్దామని లాప్‌టాప్‌లో ఆ చరిత్ర తెరిచాను. అందులో తేదీ ఉంది. గోడమీద పంచాంగం క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూశాను. తదియ.

పాడ్యమి మంగళవారం. తదియ గురువారం. డ్రైవర్ మారకముందే, రెండు రోజుల ముందే క్రాష్ మొదలైంది. వారం రోజులుగా ఊరంతా కలిసి తిడుతున్న పురోహితుడు, తప్పు జరిగిననాటికి ఇంకా గడపే తొక్కలేదు.

మరి పాడ్యమి నాడు కొత్తగా వచ్చిందేమిటి? తల తిప్పితే తెరమీద వెలుగుతోంది.

ఆ నిమిషంలో నాకు నవ్వు వచ్చింది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాను ఆ వారంలో ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. అన్నింటినీ మూశాను. ఆ దీపం బొమ్మ నడిపే ప్రోగ్రాం పేరు కూడా ప్రతిసారీ కనబడింది. ప్రతిసారీ దాన్ని దాటి కింది వరుసకు వెళ్ళాను. అది ప్రోగ్రాం అని నాకు తట్టనే లేదు, నా దృష్టిలో అది దీపం. కాని గ్రాఫిక్స్ కార్డుకు అది సెకనుకు అరవైసార్లు గీయాల్సిన బొమ్మ. ఇక్కడ నేను ఆటకు పూజ చేయిస్తుంటే, అదే పురోహితుడి చేత వెనక గదిలో అఖండంగా ఇంకో పూజ. తడబడక ఏం చేస్తాడు?

తీసేస్తే సంకల్పం తప్పినట్టు. తీయకపోతే శనివారం నేను లేనట్టు. వంటింట్లో వత్తులు చేసుకుంటున్న పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

"మొక్కు మొక్కే గదనే. నెల గాకముందే ఎట్ల తీస్తవ్?" అంది తలెత్తకుండా.

"నూనె లేదు, వత్తి లేదు, మంట లేదు. నేను రోజూ రెండుపూటల నూనె పొయ్యలేక బొమ్మ పెట్టుకున్న. నిజం చెప్పాలంటే అది నా బద్ధకానికి పెట్టుకున్న దీపం, పెద్దమ్మా."

అప్పుడు తలెత్తింది. "అందరితోని మొక్కించినవ్ గద దానికి?"

"మొక్కించిన."

"అయితే ఊకె మూసెయ్యకు. ఉద్వాసన చెప్పు. తీసేసిన అని గూడ అనొద్దు, కొండెక్కింది అనాలె. రేపటిసంది పొద్దున, సందేళ తులసి కాడ నువ్వే దీపం పెట్టాలె. క్యాంపస్ అంటే ఊకోను."

స్నానం చేసి వచ్చాను. లాప్‌టాప్‌ను వ్యాసపీఠం మీద పెట్టి, వినాయకుణ్ణి సాగనంపేటప్పుడు చెప్పుకునే విధంగానే ఉద్వాసన చెప్పుకున్నాను. పెద్దమ్మ వెనక నిలబడి గంట కొట్టింది. ఆ తర్వాతే ఆ ప్రోగ్రాంను తీసేశాను. తెర ఉత్త నీలంగా మిగిలితే గుండెలో ఏదో కలుక్కుమన్న మాట నిజం.

ఫోన్లో చెబితే కెప్టెన్ నవ్వలేదు. దానికి సైన్సు బుర్ర. "అక్కా, ఒక పని చెయ్యి. ఇప్పుడు ఆడు, ఆగకపోతే దీపం మళ్ళీ పెట్టు. మళ్ళీ ఆగిందనుకో, దొంగ అదేనని ఖాయం."

"సాగనంపినాక మల్ల పిలిచి పరీక్ష పెడతామా? అట్ల చెయ్య."

"మరి అదేనని ఎలా నమ్మమంటావు?"

"రేపు రెండు గంటలు కూసో. తెలుస్తది."

శుక్రవారం ఏకాదశి, నాకు ఉపవాసం. మధ్యాహ్నం మూడింటికి హాస్టల్ కామన్ రూంలో ఆట మొదలుపెట్టాను. కెప్టెన్ పక్కనే బాసింపట్టు వేసుకుని, ఫోన్లో టైమర్ పెట్టి, నా ముక్కు కిందే మిరపకాయ బజ్జీలు తింది. పన్నెండో నిమిషం దాటింది. పదిహేడు దాటింది. ముప్ఫై ఒకటి దగ్గర మేమిద్దరం ఊపిరి బిగబట్టాం, అదీ దాటింది. గంటకు చుట్టూ జనం చేరారు. గంటన్నరకు ఎవరో కొబ్బరినీళ్ళు తెచ్చి నా నోటికి గ్లాసు అందించారు, చేతులు ఖాళీ లేవు కదా. రెండు గంటలకు టైమర్ మోగితే కెప్టెన్ ఆపేసి, "ఇంకో పది నిమిషాలు ఆడు, నా తృప్తి కోసం" అంది. ఇరవై ఆడాను. ఐదు పేర్ల కాగితం మీద నా పేరు నా ఎదురుగానే రాసింది.

ఎవరి సాయమూ లేకుండా సాధించానని అనను. అసలు కారణం మాత్రం నేనే పట్టుకున్నాను. తొమ్మిదిమంది చేతులకు అందనిది, షాపతని అనుభవానికి అందనిది, నా తిథుల లెక్కకు అందింది. గర్వం మంచిది కాదని నేనే ఆదివారాలు చెబుతుంటాను. ఆ సాయంత్రం మాత్రం తార్నాక దాకా నడిచి వస్తుంటే తల దానంతటదే పైకి లేచింది, దించలేదు.

శనివారం పొద్దున ద్వాదశి పారణ చేసి పోటీ జరిగే హాలుకు వెళ్ళాను. ఎదుటిజట్టు మళ్ళీ ఆ ఇంజనీరింగ్ అబ్బాయిలే.

"గేటక్కా, ఇయ్యాల ఎన్ని నిమిషాలు?" అన్నాడొకడు.

"నువ్వు ఉన్నన్ని," అంది కెప్టెన్.

మూడు ఆటల్లో రెండు గెలవాలి. మొదటిది ఓడిపోయాం. అది పూర్తిగా నా తప్పు, ముందుకు ఉరికి గేటు వదిలేశాను. కెప్టెన్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కాని ఆ తిట్లు నన్ను తిట్టినవి, నా లాప్‌టాప్‌ను ఎవరూ ఏమీ అనలేదు. రెండోది గెలిచాం. మూడోది నలభై ఐదు నిమిషాలు సాగింది. చివరి పది నిమిషాలు వాళ్ళు ఐదుగురూ నా గేటు మీదే పడ్డారు. వేళ్ళు నొప్పి పుట్టాయి. మా నలుగురూ అవతల వాళ్ళ గేటు పగలగొట్టేదాకా నేను అడుగు కదపలేదు. నా తెరమీద "గెలుపు" అన్న మాట వచ్చి వెలిగేదాకా తెర రెప్ప కూడా వేయలేదు. కెప్టెన్ కుర్చీ మీదికెక్కి గోదావరి యాసలో పెట్టిన కేక హాలంతా మోగింది. పొద్దున నన్ను నిమిషాలు అడిగిన ఆ అబ్బాయే వచ్చి నాతో చేయి కలిపి మరీ వెళ్ళాడు.

తర్వాతి వారం రెండో రౌండులో ఓడిపోయాం. చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆరోజు కూడా నా తెర ఆగలేదు. ఎదుటివాళ్ళు మాకంటే బాగా ఆడారు, అంతే.

పుష్యమాసంలో ఇంకో పోటీ ప్రకటించారు. లైబ్రరీ మెట్ల దగ్గర కెప్టెన్ కనబడి పేర్ల కాగితం చూపించింది. మొదటి పేరు నాదే.

"ఈసారి పరీక్ష లేదా?" అన్నాను.

"నీకెందుకక్కా పరీక్ష? మిగతా నలుగురికీ నువ్వే పెట్టాలి. బుధవారం మూడింటికి లాప్‌టాప్‌లు తెచ్చుకోమన్నాను. నన్ను కూడా వదలకు."